చెరువు నీళ్లు ఎవరి చేతిలో ఉంటే మేలు? ఊరి నీరటా, సర్కారా?

మా ఊరి చెరువు తూముకు ఇప్పుడు ఇనుప షట్టరు ఉంది. దాన్ని తిప్పే హ్యాండిల్ ఎవరింట్లో ఉందో ప్రతి యాసంగిలో వెతుక్కోవాలి. నా చిన్నప్పుడైతే నీరటి, అంటే చెరువు నీళ్లు పొలాలకు పంచేవాడు, తెల్లారకముందే పార భుజాన వేసుకుని కట్టెక్కేవాడు. ఛాతీలోతు నీళ్లలో దిగి తూముకొయ్య లాగేవాడు. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పెట్టాలో అతనిదే లెక్క. ఎంత పెద్ద ఆసామి అయినా తన మడిలోకి నీళ్లొదిలే మడవ తాను తీసుకోకూడదు. కల్లం దగ్గర ప్రతి రైతూ కొలిచిచ్చే వడ్లే అతని జీతం.

నీళ్లు తక్కువైన ఏడు పెద్దమనుషులు కూర్చుని తైబందీ చేసేవాళ్లు. చెరువు ఎన్ని ఎకరాలకు సరిపోతుందో చూసి, ఎవరెంత నాటెయ్యాలో తేల్చేవాళ్లు. కట్ట కింది రైతుకూ, ఆయకట్టు చివరి రైతుకూ అందులో వంతు ఉండేది.

అలాగని ఆ కట్టుబాటును నెత్తిన పెట్టుకోలేను. నీరటి పని చాలా ఊళ్లలో దళిత కుటుంబాల మీదే తరతరాలుగా పడింది, చాలాచోట్ల వెట్టిగానే సాగింది. తూము దగ్గర చెల్లిన అతని మాట పంచాయితీలో చెల్లేది కాదు. ఆడవాళ్లను అడిగిందే లేదు. బోర్లు పడ్డాక పెద్ద రైతులకు చెరువుతో పని తగ్గి, తైబందీకి కూర్చునేవాళ్లే కరువయ్యారు.

ఇక సర్కారు సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 1997 చట్టంతో ఎన్నికలు పెట్టి, పది వేలకు పైగా నీటి సంఘాలు ఏర్పాటు చేశారు. మా దగ్గర మాత్రం సంఘం మాటలన్నీ పనుల బిల్లుల చుట్టూనే తిరిగాయి, నీళ్ల వంతుల దాకా రాలేదు. కానీ 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన పూడిక ఊరు చందాలేసుకుని తీయగలిగేదా? పట్నానికి దగ్గరున్న శిఖం భూమిలో, అంటే చెరువు లోపలి భూమిలో, ప్లాట్లు వేసేవాడు పెద్దమనుషుల మాట వింటాడా? అక్కడ ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే మట్టం) హద్దురాళ్లు, నోటీసు, జేసీబీ కావాలి. అవి సర్కారు దగ్గరే ఉంటాయి.

అందుకే నా ఓటు ఇలా: హద్దులూ, పూడికా సర్కారు చూడాలి. నీళ్ల పంపకం ఊరికే వదిలెయ్యాలి. నాలుగైదు చెరువుల తూములు చూసుకునే సర్కారు మనిషి లష్కర్‌కు మా చివరి మడి ఎండిందని ఎలా తెలుస్తుంది? నీరటిని ఆయకట్టు రైతులే, కులం చూడకుండా, ఆడవాళ్లతో సహా కూర్చుని ఎన్నుకోవాలి. జీతం సర్కారు నెలనెలా ఇవ్వాలి, షట్టరు హ్యాండిల్ అతనింట్లోనే ఉండాలి.