పాత ల్యాండ్ క్రూయిజర్‌లో లాకప్ స్విచ్: నాలుగేళ్లు, 60 వేల కిలోమీటర్లు వాడాక

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో లాకప్‌ని కంప్యూటర్‌కి వదిలేయకుండా మనమే వేసుకునేందుకు పెట్టించే స్విచ్ ఇది. ముందే చెప్పేస్తాను. మైలేజీ కోసమైతే ఈ పని పెట్టుకోకండి. గేర్‌బాక్స్ వేడి తగ్గాలన్నా, ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ బండిని పట్టి ఉంచాలన్నా మాత్రం ఇంత తక్కువ ఖర్చులో ఇంత ఉపయోగపడే పని నేను ఇంకోటి చూడలేదు. ఒక్క షరతు: బ్రేక్ వైరు కలపకుండా మాత్రం వద్దు. ఎందుకో కింద చెబుతాను.

నాది 80 సిరీస్ ల్యాండ్ క్రూయిజర్. 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో డీజిల్, నాలుగు గేర్ల ఏ442ఎఫ్ ఆటోమేటిక్. ఉండేది చెన్నై వడపళనిలో, సొంతూరు నెల్లూరు పక్కన. నెలకోసారి ఊరికి వెళ్తే తిరిగొచ్చేటప్పుడు వెనక పది బస్తాల మొలగొలుకులు ఉంటాయి. అక్కావాళ్లు బెంగళూరులో ఉంటారు కాబట్టి రెండు నెలలకోసారి చిత్తూరు, పలమనేరు మీదుగా అటు కూడా వెళ్తాం. ఆ దారిలో మొగిలి ఘాట్ ఉంది. ఈ కథంతా అక్కడే మొదలైంది.

ఆటోమేటిక్ బండిలో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండేది ఆయిల్. టార్క్ కన్వర్టర్‌లో ఒక పక్క ఇంజన్ ఈ ఆయిల్‌ని తిప్పుతుంది, ఆ ఆయిల్ అవతలి పక్కని తిప్పుతుంది. ఈ రెండింటి మధ్య ఎప్పుడూ కాస్త జారుడు ఉంటుంది, ఆ జారుడంతా వేడిగా మారుతుంది. లోపల ఉన్న చిన్న క్లచ్ పట్టుకుంటే జారుడు పోయి రెండూ ఒక్కటిగా తిరుగుతాయి. అదే లాకప్. కంపెనీ లెక్క ప్రకారం నా బండిలో అది టాప్ గేరులో, 80 దగ్గర, బాట సాఫీగా ఉన్నప్పుడే పడుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వదిలేస్తుంది, బ్రేక్ తాకినా వదిలేస్తుంది. అంటే ఎత్తు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, సరిగ్గా మనకి కావలసినప్పుడు ఉండదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఒక మధ్యాహ్నం నిండు లోడుతో మొగిలి ఘాట్ ఎక్కితే, గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్‌కి పోయే పైపు మీద నేను పెట్టించిన టెంపరేచర్ గేజ్ 118 డిగ్రీలు చూపించింది. ఏసీ ఆపి, పైన పక్కకి తీసి అరగంట ఆగాం. ఇప్పుడు అదే లోడు, అదే ఎండ, మూడో గేరులో లాక్ చేసి 55 మీద ఎక్కితే 98 దాటడం లేదు. నాకు ఈ ఒక్క అంకె చాలు.

వైరింగ్ సంగతి. ఈ గేర్‌బాక్స్‌లో లాకప్ సోలెనాయిడ్‌కి, అంటే లాకప్ క్లచ్‌ని పట్టించే కరెంటు వాల్వ్‌కి, కంప్యూటర్ 12 వోల్టులు పంపుతుంది, ఎర్త్ బాడీ నుంచే దొరుకుతుంది. అమెరికా డాడ్జ్ రామ్ కమిన్స్ బండ్లలో 47ఆర్ఈ గేర్‌బాక్స్‌ది దీనికి తలకిందులు: 12 వోల్టులు ముందే ఉంటాయి, కంప్యూటర్ ఎర్త్ వైపు కలుపుతుంది. ఆ బండి డయాగ్రం చూసి ఈ బండికి వైరు లాగితే నష్టపోయేది కంప్యూటరే. అందుకే నేను మొదట ఏ వైరూ కోయలేదు. గేర్‌బాక్స్ కనెక్టర్ దగ్గర లాకప్ వైరు అనుకున్నదానికి ఒక చిన్న ఎల్‌ఈడీ టెస్ట్ ల్యాంప్ కలిపి, దాన్ని డ్యాష్‌బోర్డు దాకా తెచ్చుకుని నెల్లూరు హైవే ఎక్కాను. రెడ్ హిల్స్ దాటాక 80 అందుకోగానే లైటు వెలిగింది, ఆర్‌పీఎం ముల్లు కొద్దిగా కిందికి దిగింది. బ్రేక్ మీద కాలు ఆనించగానే లైటు ఆరింది. మూడుసార్లు అలా చూసుకున్నాకే వైరు కోశాను. మల్టీమీటర్‌తో చూస్తే సోలెనాయిడ్ 13 ఓమ్‌లు చూపించింది, ఉండాల్సింది 11 నుంచి 15.

ఐదు కాళ్ల రిలే ఒకటి, అంటే కాయిల్‌కి కరెంటు ఇస్తే మారే స్విచ్. 30వ కాలు సోలెనాయిడ్‌కి, 87ఏ కంప్యూటర్ నుంచి వచ్చే వైరుకి, 87 ఫ్యూజ్ ఉన్న ఇగ్నిషన్ కరెంటుకి. స్విచ్ ఆఫ్‌లో ఉంటే బండి కంపెనీ నుంచి వచ్చినట్టే నడుస్తుంది. ఆన్ చేస్తే కంప్యూటర్ పక్కకి తప్పుకుంటుంది, లాకప్ మన చేతిలోకి వస్తుంది. రిలే పాడైనా బండి మామూలుగా నడవాలన్నదే దీని వెనక ఆలోచన.

ఇక్కడే తప్పు జరిగింది. పని చేసిన ఎలక్ట్రీషియన్ మన నెల్లూరు వైపు ఆయనే, చెయ్యి మంచిదే. బ్రేక్ లైటు వైరు కూడా కలుపుదామంటే "అదెందుకన్నా, మీరే స్విచ్ ఆపేస్తారు కదా" అన్నాడు. నేనూ సరే అన్నాను. పదో రోజు మాధవరం దగ్గర లాక్ చేసి 60 మీద వస్తుంటే ముందు ఆటో ఒక్కసారిగా ఆగింది. బ్రేక్ తొక్కాను. మాన్యువల్ బండిలో క్లచ్ తొక్కకుండా ఆపితే ఏమవుతుందో అదే అయింది, ఇంజన్ వణికి ఆగిపోయింది. స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుంది. బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో ఆగింది కానీ ఆటోకీ నాకూ మధ్య జానెడు కూడా లేదు. పక్క సీట్లో మా నాయన. "ఏంది అబ్బయా, బండి చచ్చిపోయిందా?" అన్నాడు. చేతులు వణుకుతుంటే జవాబు చెప్పలేకపోయాను. ఆ సాయంత్రమే వైరు కలిపించాను.

బ్రేక్ వైరుకి చాలామంది వాడే తేలిక దారి ఒకటుంది. రిలే కాయిల్ ఎర్త్ కాలుని బ్రేక్ లైటు వైరుకి కలుపుతారు. బ్రేక్ తొక్కనప్పుడు బల్బు ఫిలమెంటు గుండా ఎర్త్ దొరుకుతుంది. తొక్కితే రెండు పక్కలా 12 వోల్టులే కాబట్టి రిలే వదిలేస్తుంది. తెలివైన పద్ధతి, ఏడాదిన్నర బాగా నడిచింది. తర్వాత వెనక లైట్లు ఎల్‌ఈడీకి మార్చాను, లాకప్ పడటం మానేసింది. ఎల్‌ఈడీలో ఫిలమెంటు ఉండదు కాబట్టి ఎర్త్ దొరకదు. కారణం తట్టేసరికి రెండు ఆదివారాలు పోయాయి. ఇప్పుడు బ్రేక్ కోసం విడిగా రెండో రిలే ఉంది. కొత్తగా చేయించేవాళ్లు మొదటి రోజే రెండు రిలేలు పెట్టించండి.

ఇంకో చిక్కు మీటర్లలో ఉండే ఓడీ ఆఫ్ (ఓవర్‌డ్రైవ్ ఆఫ్) లైటు. రిలే పడగానే కంప్యూటర్‌కి సోలెనాయిడ్ కనిపించదు, ఆ లైటు మిణుకుమంటుంది. డయాగ్నస్టిక్ కనెక్టర్‌లో టీఈ1, ఈ1 అనే రెండు పిన్నులు కలిపి మిణుకులు లెక్కపెడితే ఆరు, కాస్త ఆగి నాలుగు. కోడ్ 64, లాకప్ సోలెనాయిడ్. సోలెనాయిడ్ ఉన్నట్టు కంప్యూటర్‌ని నమ్మించడానికి దాని నుంచి వచ్చే వైరుకి 15 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి తగిలించాలి. నేను మొదట రిచ్చీ స్ట్రీట్‌లో కొన్న పావు వాట్‌ది పెట్టాను. స్విచ్ ఆన్‌లో ఉండగా కంప్యూటర్ కూడా లాకప్ అడిగితే ఆ రెసిస్టర్ మీద 13 వాట్ల వేడి పుడుతుంది. డ్యాష్‌బోర్డు కింద నుంచి కాలిన వాసన వస్తే బండి ఆపి చూశాను, నల్లగా బొగ్గయిపోయి ఉంది. ఇప్పుడున్నది అల్యూమినియం తొడుగున్న 25 వాట్‌ది, ప్లాస్టిక్‌కి దూరంగా ఇనప రేకుకి బోల్టు చేశాం. ఇది కూడా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, కానీ రెండున్నరేళ్లుగా నిలిచింది.

స్విచ్ పక్కన చిన్న పచ్చ లైటు పెట్టించాను. దాన్ని స్విచ్‌కి కాకుండా నేరుగా సోలెనాయిడ్ వైరుకి కలిపించాను. కంప్యూటర్ లాక్ చేసినా, నేను చేసినా వెలుగుతుంది. అసలు బండి ఎప్పుడెప్పుడు తనంతట తాను లాక్ చేస్తుందో ఆ లైటు వల్లే తెలిసింది. ఈ పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

వాడకంలో నా పద్ధతి: 50 లోపు లాక్ చేయను. గేరు మారే ముందు వదిలేస్తాను, లేకపోతే లోపల దెబ్బ కొట్టినట్టు తెలుస్తుంది. కదిలేటప్పుడు కన్వర్టర్ ఇంజన్ బలాన్ని పెంచి ఇస్తుంది, లాక్ చేస్తే ఆ సాయం పోతుంది, అందుకే ఎత్తు మీద నెమ్మదిగా పాకాల్సి వస్తే లాక్ తీసేయడమే మంచిది. మొగిలి దిగేటప్పుడు మూడులో పెట్టి లాక్ చేస్తే బ్రేక్ అవసరం సగానికి పైగా తగ్గింది. కొల్లి హిల్స్‌లో మాత్రం 70 హెయిర్‌పిన్ మలుపులు, 20, 30 మీద పోవాలి, అక్కడ దీనితో పని లేదు. మైలేజీ అంటారా, హైవే మీద లీటరుకి అర కిలోమీటరు పెరిగిందేమో, అంతే.

కొత్త ఆరు గేర్ల ఆటోమేటిక్ బండ్లు ఉన్నవాళ్లు దీన్ని చూసి స్విచ్ పెట్టకండి. చాలావాటిలో లాకప్ సోలెనాయిడ్‌కి కరెంటు తగ్గిస్తూ పెంచుతూ పంపుతారు. నేరుగా 12 వోల్టులు ఇస్తే క్లచ్ ఒక్క దెబ్బతో పడుతుంది. వాటికి విడిగా కంట్రోలర్ ఉన్న కిట్ కావాలి. పాత బండే అయినా ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) నల్లబడి మాడు వాసన వస్తుంటే ముందు గేర్‌బాక్స్ చూపించండి. అరిగిన క్లచ్‌ని లోడు మీద లాక్ చేస్తే మిగిలింది కూడా పోతుంది.

రిలేలు, రెసిస్టర్, వైరు, స్విచ్, కూలీ, రెండోసారి చేసిన పనితో కలిపి నాకు అయింది 3 వేల లోపే. పోయిన నెల పుదుపేటలో ఏటీఎఫ్ మార్పించినప్పుడు గేర్‌బాక్స్ కింది ట్రే దింపించి దగ్గరుండి చూశాను. ఆయిల్ ఇంకా ఎర్రగానే ఉంది. అడుగున అయస్కాంతాల మీద వేలితో రాస్తే విభూతి అంత మెత్తటి బూడిద రంగు పొడి అంటింది, ముక్కలేమీ లేవు.