మహాలక్ష్మి జీరో టికెట్: రెండేళ్లు వాడాక నా అనుభవం

తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం 2023 డిసెంబర్ 9న మొదలైంది. కండక్టర్ ఇచ్చే సున్నా రూపాయల టికెట్‌నే జీరో టికెట్ అంటారు. అప్పటినుంచీ వాడుతున్నాను. మా ఇల్లు హయత్‌నగర్‌లో, నా పని కోఠిలో ఒక బట్టల షాపులో. గవర్నమెంటుకు దీనికి ఎంత ఖర్చవుతుందో అందరూ రాస్తున్నారు. మాలాంటి ఇంట్లో దీని లెక్క ఎలా ఉంటుందో నేను రాస్తాను.

ఇంతకుముందు ఇంటి దగ్గరే ఒక టైలరింగ్ షాపులో చీరలకు ఫాల్స్ కుట్టేదాన్ని. కోఠిలో జీతం ఎక్కువని తెలుసు. కానీ అప్పట్లో సిటీ ఆర్డినరీ పాస్ నెలకు 1,150 రూపాయలు. బస్టాపు దాకా షేర్ ఆటో వేరే. "ఆ పాస్‌కు, ఆటోకు పోతే నీకు మిగిలేదెంత?" అని మా ఆయన అడిగితే నాకు జవాబు దొరికేది కాదు. బస్సు ఫ్రీ అయ్యాక కొన్నాళ్లకే కోఠికి మారాను. జీతంలో తేడా దాదాపు నాలుగు వేలు. కాబట్టి ఈ పథకంతో నాకు మిగిలింది 1,150 అంటే అది సగం లెక్కే. దూరంలో ఉన్న పనికి కూడా 'వస్తాను' అని చెప్పగలిగాను, అసలు లాభం అది. పొద్దున ఆరింటి బస్సు ఎక్కి చూడండి. హాస్టళ్లలో వంట చేసేవాళ్లు, ఆఫీసులు ఊడ్చేవాళ్లు, ఆసుపత్రుల్లో ఆయాలు. ఎవరిని కదిలించినా ఇలాంటి మాటే చెప్తారు.

ఇంకో సంగతి మా అమ్మది. ఉండేది చిట్యాల దగ్గర పల్లెలో. గుండెకు స్టెంట్ వేశారు, ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిపోయింది. ఆరోగ్యశ్రీలో వైద్యం ఖర్చు పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది కూడా ఈ ఉచిత బస్సు మొదలైన రోజే. కానీ ఆపరేషన్ తర్వాత చెకప్‌కు వచ్చే చార్జీలు ఏ కార్డులోనూ రావు కదా. "మందులు ఉన్నాయిలే, వచ్చే నెల వస్తా" అని అమ్మ వాయిదా వేస్తూ ఉండేది. ఇప్పుడు డాక్టర్ చెప్పిన రోజుకు ఎక్స్‌ప్రెస్ ఎక్కి తనే వస్తుంది. నన్నూ అడగదు, తమ్ముడినీ అడగదు. ఇది నాకు డబ్బు కంటే పెద్ద విషయం.

ఇంతమందికి అందడానికి కారణం, దీనికి అప్లికేషన్ లేదు, రేషన్ కార్డు అక్కర్లేదు. తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధారో, ఓటరు కార్డో చూపిస్తే చాలు. 200 యూనిట్ల ఉచిత కరెంటుతో పోల్చి చూడండి. దానికి తెల్ల రేషన్ కార్డు కావాలి. కొత్త కార్డుల కోసం ఏళ్లు ఎదురుచూసిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. కార్డు ఉన్నా, ఎండాకాలంలో కూలర్ తిరిగి 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. బస్సులో అలాంటి గీత లేదు. పేదవాళ్ల కోసం పథకం రాసేవాళ్లు ఈ తేడా గమనించాలి.

ఇక ఇబ్బందులు. రద్దీ విపరీతంగా పెరిగింది. జనం పెరిగినంతగా బస్సులు పెరగలేదు. షాపు మూసేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, ఆ టైమ్‌లో బస్సు కోసం నిలబడాలంటే ఒకటే టెన్షన్. ఎక్కువసేపు రాకపోతే షేర్ ఆటోకు డబ్బులు పెట్టుకుంటాను. బస్సే లేనప్పుడు జీరో టికెట్ ఉండి లాభమేముంది?

రెండోది, ఇంటి లెక్కలో ఒకవైపు వచ్చింది ఇంకోవైపు కొంత పోయింది. 2025 జూన్‌లో పాస్‌ల ధరలు పెంచారు, ఆర్డినరీ పాస్ 1,400 అయింది. విద్యార్థుల పాస్ కూడా పెరిగింది. అక్టోబర్‌లో హైదరాబాద్ సిటీ బస్సుల్లో టికెట్ మీద మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు అదనంగా వేశారు. మా ఆయన పెయింటింగ్ పనికి బస్సులోనే పోతాడు, మా బాబు కాలేజీకి బస్సులోనే పోతాడు. నాకు మిగిలినదాంట్లో కొంత వాళ్లిద్దరి జేబుల్లోంచి పోతోంది. మొత్తం మీద ఇప్పటికీ మాకు లాభమే. అయినా పేదింటి ఆడవాళ్లకు ఇచ్చి, అదే పేదింటి మగవాళ్ల దగ్గర వసూలు చేయడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. సొంత బండి లేనివాళ్లే కదా బస్సు ఎక్కేది.

ఆటోవాళ్ల సంగతి కూడా చెప్పాలి. మా పక్కింటి అన్న షేర్ ఆటో నడుపుతాడు, ఆయన గిరాకీలో ఎక్కువ ఆడవాళ్లే, బస్సు ఫ్రీ అయ్యాక ఆ గిరాకీ తగ్గింది. ఫైనాన్స్ కిస్తీ మాత్రం తగ్గదు. ఏడాదికి 12 వేలు ఇస్తామన్న ఎన్నికల హామీ నెరవేర్చమని ఆటో యూనియన్లు రోడ్డెక్కాయి. వాళ్లు అడిగింది సబబే.

2025 జులై నాటికి 200 కోట్ల ఉచిత ప్రయాణాలు, వాటి విలువ 6,680 కోట్లు అని ప్రభుత్వం చెప్పింది. అంటే ఒక్కో ప్రయాణానికి సగటున 33 రూపాయలు. ఈ మొత్తం చూసి 'వృథా' అనేవాళ్లు ఆ 33 రూపాయలతో ఎవరు ఏ పనికి వెళ్లారో కూడా చూడాలి. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. ఆ ఒక్కటి తగ్గించింది రాత్రి బస్సుల కొరత వల్ల, పాస్ ధరల వల్ల.

కొత్తగా వాడేవాళ్లకు కొన్ని మాటలు. ఒరిజినల్ కార్డు పెట్టుకోండి, ఫోన్లో ఫొటో చెల్లదు. ఆధార్‌లో ఫొటో చిన్నప్పటిదైతే మార్పించుకోండి. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలోనే ఉచితం, డీలక్స్, సూపర్ లగ్జరీలలో లేదు. ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చోవద్దు. ఆ జీరో టికెట్ల లెక్కను బట్టే ఆర్టీసీకి ప్రభుత్వం డబ్బు ఇవ్వాలి, చెకింగ్‌లో టికెట్ లేకపోతే 500 ఫైన్ కూడా ఉంది. విజయవాడ వైపు వెళ్లేవాళ్లకు ఇది రాష్ట్ర సరిహద్దు దాకానే పనికొస్తుంది. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఇలాంటి ఉచిత బస్సు పథకమే ఉంది, కానీ అది అక్కడి అడ్రస్ ఉన్నవాళ్లకే. మా చెల్లెలు అక్కడ, నేను ఇక్కడ, ఇద్దరం కలవాలంటే సరిహద్దు దాటాక ఎవరో ఒకరు టికెట్ కొనాల్సిందే.