పటం కట్టడం తెలిసిన దుకాణం

చెన్నైలో నీటిరంగుల బొమ్మను గోడకు తగిలించుకునేవారు ఎండకు ఎంత భయపడాలో గాలికీ అంతే భయపడాలి. సముద్రపు తేమ ఏడాది పొడవునా ఉండనే ఉంటుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానల్లో అది మరీ పెరుగుతుంది. ఆ తేమను పీల్చుకొని కాగితం ఉబ్బుతుంది, ఎండలు రాగానే ముడుచుకుంటుంది. అందుచేత ఈ ఊళ్లో పటాలు కట్టేవారికి కర్ర పనితో పాటు కాగితం స్వభావం కూడా తెలిసి ఉండాలి.

ఈ సంగతి నాకు నష్టపోయాకే తెలిసింది. మా నాన్నగారు పదవీ విరమణ తరువాత నెల్లూరులో పెన్న ఒడ్డున కూర్చొని వేసిన ఒక బొమ్మను చెన్నైకి తెచ్చుకొని, ఇంటికి దగ్గరగా ఉంది కదా అని ఒక దుకాణంలో పటం కట్టించాను. వాళ్లు బొమ్మను మామూలు అట్టకు జిగురుతో అంటించి, అంచుల చుట్టూ ప్లాస్టిక్ టేపు వేసి, అద్దాన్ని నేరుగా రంగుల మీదికి ఆనించి బిగించారు. రెండు వానకాలాలు గడిచేసరికి ఆకాశం వేసిన చోట తుప్పు రంగు చుక్కలు తేలాయి, అంచుల్లో టేపు మరకలు దిగాయి, కింది మూల రంగు అద్దానికి అంటుకుపోయింది. ఆ పటాన్ని చంకన పెట్టుకొని ఎగ్మూరులోని ఈ దుకాణానికి మొదటిసారి వెళ్లాను. అప్పటి నుంచి ఆరేళ్లుగా రంగులు, కాగితాలు కొనడానికీ పటాలు కట్టించడానికీ ఇక్కడికే వెళుతున్నాను.

పూనమల్లి హైరోడ్డు మీద ఉన్న ప్రభుత్వ లలిత కళల కళాశాల నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక సందులో ఉంటుంది ఈ దుకాణం. అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు 1850లో మదరాసులో పెట్టిన చిత్రకళా పాఠశాలే కాలక్రమంలో ఆ కళాశాల అయింది. దేవీప్రసాద్ రాయ్ చౌదరి, కె.సి.ఎస్. పణిక్కర్ వంటి పేరున్న కళాకారులు అక్కడ ప్రిన్సిపాళ్లుగా పనిచేశారు. ఆ కళాశాల విద్యార్థులే ఈ దుకాణానికి నిత్యం వచ్చే ఖాతాదారులు కావడం వల్ల ఇక్కడి సరుకులోనూ, అమ్మే తీరులోనూ వారి అవసరం, వారి జేబు రెండూ కనిపిస్తాయి. యజమాని అరవై దాటిన పెద్దాయన, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే పాత మదరాసు కుటుంబం వారు. పటాల పని ఆయనదీ, రంగులూ కాగితాలూ ఆయన కుమార్తెవీ.

ఆ మొదటి రోజున పెద్దాయన నాకు ఏ ఆశా పెట్టలేదు. పటం వెనక మేకులను ఒక్కొక్కటిగా లాగి, పలచని కత్తితో టేపు విప్పుతూ గంటకు పైగా కూర్చున్నారు. అద్దానికి అంటుకున్న మూల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపి, "దీన్ని నేను పీకితే రంగు వచ్చేస్తుందమ్మా. కాగితాల మరమ్మతు చదువుకున్నవాళ్లు చెయ్యాల్సిన పని ఇది, వాళ్లకు చూపించండి" అని అద్దంతో సహా మెత్తని కాగితంలో చుట్టి ఇచ్చారు. ఆ గంటసేపటి శ్రమకు డబ్బు తీసుకోలేదు. తన చేతికి మించిన పనిని మించిందని చెప్పడం వల్లే ఆ తరువాత నా బొమ్మలన్నీ ఆయనకు నమ్మకంగా అప్పగించాను.

ఇక్కడ బొమ్మను దేనికీ పూర్తిగా అంటించరు. పై అంచున రెండు చోట్ల సన్నని జపాన్ కాగితపు పట్టీలను గోధుమ పిండి గంజితో అతికించి, ఆమ్లం లేని మౌంటు బోర్డుకు, అంటే బొమ్మకు ఆధారంగా ఉంచే దళసరి అట్టకు, బొమ్మను వేలాడదీస్తారు. మిగిలిన మూడు అంచులనూ వదిలేస్తారు కనుక కాగితం ఉబ్బినా ముడుచుకున్నా దానికి కదిలే చోటుంటుంది. మరెప్పుడైనా విప్పవలసివస్తే కొద్దిగా తడి అద్ది పట్టీని ఊడదీయవచ్చు. దాని పైన కిటికీలాగా కోసిన మరొక మౌంటు వస్తుంది. దాని లోపలి అంచును ఏటవాలుగా కోయడం అందానికే అనుకునేదాన్ని, కానీ ఆ బోర్డు మందమే అద్దం రంగులకు తగలకుండా ఆపుతుంది. మౌంటు వద్దనుకునేవారికి చట్రం గాడిలో, అద్దం వెనక, సన్నని పట్టీలు పెట్టి ఆ ఎడం కల్పిస్తారు. వెనక వైపు నుంచి దుమ్ము లోపలికి చేరకుండా కాగితం అతికించి, కింది రెండు మూలల్లో చిన్న రబ్బరు బొట్లు పెడతారు. ఆ బొట్ల వల్ల పటానికీ గోడకూ మధ్య గాలి ఆడుతుంది. వానకాలంలో చెమ్మగిల్లే మా గోడల మీద అంత చిన్న వస్తువు చేసే మేలును నేను కళ్లారా చూశాను.

ఖర్చు తగ్గుతుందని వెనక పలకగా, కర్ర నారను జిగురుతో అదిమి చేసే ఎం.డి.ఎఫ్. వేయమని ఒకసారి నేనే అడిగాను. ఆయన వాదించకుండా, ఎవరో బాగుచేయమని తెచ్చి ఇచ్చిన పాత పటం ఒకటి తీసి దాని వెనక భాగం చూపించారు. తేమకు పలక అంచులు పొరలు పొరలుగా ఉబ్బి, దాని లోపలి ఆమ్లం తగిలి కాగితం గోధుమరంగుకు తిరిగింది. మెరుపు లేని మ్యాట్ అద్దం గురించీ అలాగే చెప్పారు: బొమ్మకు ఆనించి పెడితే బాగుంటుంది గానీ మౌంటు మందం అడ్డు వచ్చి కాస్త ఎడమయ్యేసరికి గీతలు మసకబారతాయి. అతినీలలోహిత కిరణాలను ఆపే ఖరీదైన అద్దం కూడా ఆయన దగ్గర ఉంది, కానీ నా పటం నేరుగా ఎండ పడని నడవలోకి అని తెలుసుకొని, సాదా అద్దం చాలునని తేల్చారు. ఎక్కువ ధర పలికే సరుకును వద్దని చెప్పే దుకాణదారు ఈ రోజుల్లో అరుదు.

తంజావూరు బొమ్మలకు ఇక్కడ లోతైన గాడి ఉన్న టేకు చట్రాలు కడతారు. పలక మీద గుడ్డ అతికించి, సుద్ద, జిగురు కలిపిన మక్కుతో ఎత్తుగా తీర్చి, బంగారు రేకు, రాళ్లు పొదిగిన ఆ బొమ్మలకు అద్దం తగిలితే రాళ్లు కదులుతాయి, రేకు నలుగుతుంది. తంజావూరు, తిరుచ్చిలలో ఈ కళను తరతరాలుగా నిలబెట్టినవారిలో తెలుగు మాట్లాడే రాజు కులస్థుల కుటుంబాలు ఉన్నాయని పెద్దాయనే నాతో అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో వినిపించిన ఆప్యాయత వల్ల, ఆ బొమ్మలకు ఆయన అంత జాగ్రత్తగా చట్రాలు ఎందుకు కడతారో నాకు అర్థమైంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న పని మా అత్తగారి కలంకారీ గుడ్డకు కట్టిన పటం. ఆవిడ శ్రీకాళహస్తిలో నేర్చుకొని, కరక్కాయా పాలూ పట్టించిన నూలు గుడ్డ మీద, బెల్లమూ ఇనుమూ ఊరబెట్టి తీసిన కసిమి అనే నల్లరంగుతో గీసిన పార్వతీ కల్యాణం అది. అలాంటి గుడ్డను అట్టకు అంటించి ఇవ్వడం చాలాచోట్ల మామూలు. ఇక్కడ మాత్రం చలువ చేయని నూలు గుడ్డను ముందుగా పలకకు బిగించి, దాని మీద కలంకారీని పరిచి, అంచుల వెంట సన్నని దారంతో విడివిడి కుట్లు వేశారు. నల్ల గీతల మీద సూది దించలేదు. ఇనుము కలిసిన నలుపు పడిన చోట నూలు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసవుతుందనీ, అక్కడ కుట్టు పడితే గుడ్డ చిరుగుతుందనీ చెప్పారు. కలంకారీ చేసే మా అత్తగారే ఆ కుట్లను వేలితో తడిమి చూసి, "ఇతనెవరో గుడ్డ ఎరిగినవాడే" అన్నారు.

రంగుల వైపు సరుకు మరీ ఎక్కువగా ఉండదు, కానీ దాన్ని అమ్మే పద్ధతి నేర్చుకోదగినది. పెద్దాయన కుమార్తె ప్రతి ట్యూబులోని రంగునూ ఒక పుస్తకంలో పూసి, పక్కన అందులోని వర్ణద్రవ్యం సంకేతం రాసి ఉంచారు. పేరులో "హ్యూ" అని ఉన్న క్యాడ్మియం ఎరుపులో క్యాడ్మియం ఉండదనీ, పి.ఆర్. 83 అని ఉన్న అలిజరిన్ ఎరుపు వెలుతురుకు వెలిసిపోతుందనీ కొత్తవారికి ఓపికగా చెబుతారు. పడమటి కిటికీకి ఒక అట్ట వేలాడుతుంటుంది. దాని మీద పూసిన రంగుల్లో సగభాగాన్ని నల్ల కాగితంతో కప్పి, మిగతా సగాన్ని ఎండకు వదిలేస్తారు. కొన్ని నెలలు పోయాక ఆ కాగితం ఎత్తి చూస్తే ఏ రంగు నిలిచిందో, ఏది ఓడిపోయిందో ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ అట్ట చూశాకే నేను నా పెట్టెలోంచి మూడు రంగులు తీసేశాను. కాగితం విషయంలో వారి ఉపకారం ఇంకా పెద్దది. 22 x 30 అంగుళాల నూరు శాతం నూలు కాగితాన్ని అర షీటుగా, పావు షీటుగా కూడా కోసి ఇస్తారు కనుక, మంచి కాగితం మీద చెయ్యి ఎలా ఆడుతుందో చేతిలో కొద్ది డబ్బే ఉన్న విద్యార్థికి కూడా అనుభవంలోకి వస్తుంది. పుదుచ్చేరి అరవింద ఆశ్రమంలో తయారయ్యే చేతి కాగితం, కామ్లిన్ విద్యార్థి రంగులు ఎప్పుడూ దొరుకుతాయి.

దుకాణం మేడ మీద పది అడుగుల గది ఒకటి ఉంది. నెలకు ఒకరి చొప్పున స్థానిక చిత్రకారుల బొమ్మలను అక్కడ పెడతారు. గదికి అద్దె లేదు, అమ్మకంలో వాటా తీసుకోరు, కొన్నవారు డబ్బును చిత్రకారుడికే ఇస్తారు. అంతకంటే పెద్ద సాయం చట్రాలను అరువివ్వడం. మూడు కొలతల్లో, వెనక తలుపులాగా తెరుచుకునే చట్రాలను సుమారు ముప్పై దాకా చేయించి పెట్టుకున్నారు. ప్రదర్శన నెలంతా వాడుకొని తిరిగి ఇచ్చేయవచ్చు. బొమ్మలు వేసేవారికి తెలుసు, పది బొమ్మలకు పటాలు కట్టించే ఖర్చు దగ్గరే చాలా ప్రదర్శనలు ఆగిపోతాయి.

పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి విరమించిన ఒక తెలుగు పెద్దమనిషి బొమ్మలను నేను ఆ గదిలోనే చూశాను. పాత రిజిస్టరు కాగితాల వెనక పెన్సిలుతో, కాస్త నీటిరంగుతో వేసిన ఇంజన్లు, కూలీలు, టీ కొట్లు అవి. ఆయన వాటిని ఇరవై ఏళ్లు ఒక రేకు పెట్టెలో దాచుకున్నారట. ఖరీదైన చిత్రానికి ఎంత వెడల్పు మౌంటు కోస్తారో ఆ రిజిస్టరు కాగితాలకూ అంతే వెడల్పు కోసి, గీతలూ గళ్లూ కనిపించేటట్లే వదిలారు. ఆ గదిలో ఆయన తన బొమ్మల ముందు చేతులు వెనక్కి కట్టుకొని, వాటిని మరెవరో వేసినట్లు చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. నాలుగు బొమ్మలు అమ్ముడుపోయాయి, వాటిలో ఒకటి మా ఇంట్లో ఉంది.

చిత్రకారుడు నిలబడడానికి బొమ్మ బయట ఒక ఆసరా కావాలన్న ఆలోచన ఈ ఊరికి పాతదే. 1966లో పణిక్కర్ నాయకత్వంలో చోళమండలం కళాకారుల గ్రామాన్ని కట్టుకున్నవారు బాటిక్ (మైనం పూసి గుడ్డకు రంగులద్దడం) వంటి చేతిపనులు అమ్మి పొట్ట పోసుకుంటూ బొమ్మలు వేశారు, మన తెలుగు చిత్రకారుడు ఎం. రెడ్డెప్ప నాయుడు ఆ బృందంలోనివారే. ఈ మేడగదిని ఆ గ్రామంతో పోల్చడం లేదు, కానీ ఆ ఆలోచన ఊళ్లో ఇంకా బతికి ఉందనడానికి దీన్ని చూపించగలను.

గదిలో వెలుతురు మాత్రం బాగాలేదు. ఒక వైపున్న ట్యూబులైటు అద్దాల్లో ప్రతిబింబించి సగం బొమ్మలను చూడనివ్వదు, ఏ నెలలో ఎవరి బొమ్మలు పెడుతున్నారో ముందుగా తెలియదు. ఈ రెండూ వారితో చెప్పాను; లైటు ఇంకా అక్కడే ఉంది.

గడువు విషయంలో కూడా నాకు అసంతృప్తి ఉంది. కలంకారీ పటం పది రోజుల్లో ఇస్తామని చెప్పి ఇరవై ఏడు రోజులకు ఇచ్చారు, ఆలస్యం అవుతుందని ఒక్క ఫోను కూడా చేయలేదు. చేతిపనికి సమయం పడుతుందన్నది నిజమే, కానీ ఎంత పడుతుందో నిజాయితీగా చెప్పడం కూడా పనిలో భాగమేనని నా అభిప్రాయం. మూడడుగులు దాటిన పటాలను బయట చేయిస్తారు, వాటి మూలల కోతలో ఇక్కడి పనితనం కనిపించదు కనుక పెద్ద క్యాన్వాసులకు ఈ దుకాణాన్ని సిఫారసు చేయను. తైలవర్ణాలు వేసేవారికి ఎంపిక తక్కువ. ధర కూడా తక్కువేమీ కాదు: 12 x 16 అంగుళాల బొమ్మకు మౌంటు, సాదా అద్దం, సన్నని పైన్ కర్రతో నాకు పోయిన వేసవిలో 1,650 రూపాయలయింది. సింథటిక్ చట్రంతో అందులో సగానికే చేసేవారు చాలామంది ఉన్నారు. పండుగకు ఇచ్చే కానుక ఫోటోకు అది చాలు. మళ్లీ వేయలేని బొమ్మకైతే ఇక్కడికి రండి.

మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగు దాకా మూసి ఉంటుంది, ఆదివారం సెలవు. డిసెంబరు, జనవరిలలో జరిగే మార్గళి సంగీత కచేరీల రోజులకు పటం కావాలంటే అక్టోబరులోనే ఇవ్వడం మంచిది. పాత గుడ్డనో కాగితాన్నో తీసుకెళ్లేటప్పుడు మడత పెట్టకండి, లావుపాటి గొట్టానికి బొమ్మ ఉన్న వైపు బయటికి ఉండేలా వదులుగా చుట్టి తీసుకెళ్లండి. మడత మీద విరిగిన రంగును తిరిగి అతికించే ఉపాయం ఆ పెద్దాయన దగ్గర కూడా లేదు.