లైసెన్సు గంటలు ఆన్‌లైన్‌లోనా, ల్యాబ్‌లోనా?

టెక్సస్‌లో ఫ్యూనరల్ డైరెక్టర్ (అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వృత్తి నిపుణులు) లైసెన్సు రెండేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అందుకు 16 గంటల క్లాసులు చూపించాలి. ఎథిక్స్ 2, చట్టాల్లో మార్పులు 2, మరణ నమోదు నిబంధనలు 2 తప్పనిసరి. మిగతా 10 గంటలు మన ఇష్టం. గడువు ముంచుకొచ్చాక దొరికిన ఆన్‌లైన్ కోర్సులన్నీ కానిచ్చేస్తే లైసెన్సు అయితే నిలబడుతుంది.

తప్పనిసరి ఆరు గంటలకు ఆన్‌లైనే మేలు. అవి చదివి గుర్తుపెట్టుకునేవి, అనుమానం వస్తే వెనక్కి తిప్పి చూసుకునేవి. మరణాన్ని 24 గంటల్లో తెలియజేయాలి, డెత్ సర్టిఫికెట్ 10 రోజుల్లో దాఖలు చేయాలి. చనిపోయిన 48 గంటల లోపు దహనం కుదరదు. అంతకు ముందే కావాలంటే మెడికల్ ఎగ్జామినరో (మరణ కారణం తేల్చే అధికారి), జస్టిస్ ఆఫ్ ద పీసో (స్థానిక న్యాయాధికారి), కోర్టో రాతపూర్వకంగా మినహాయింపు ఇవ్వాలి. రేపు పొద్దున్నే అంత్యక్రియలు అయిపోవాలనే డాలస్ తెలుగు కుటుంబానికి ఈ మాట తడుముకోకుండా చెప్పగలగాలి కదా.

శరీరం పాడవకుండా మందు ఎక్కించే ఎంబామింగ్ సంగతి వేరు. లెక్క వరకు తెర మీద నేర్చుకోవచ్చు: 25 ఇండెక్స్ ఫ్లూయిడ్‌తో (25 శాతం ఫార్మాల్డిహైడ్ ఉన్న మందు) ఒక గాలన్, అంటే 128 ఔన్సుల, 2 శాతం ద్రావణం కావాలంటే 2ను 128తో గుణించి 25తో భాగిస్తే 10.24 ఔన్సులు. కానీ నీరు పట్టి ఉబ్బిన శరీరంలో ఆ నీరే మందును ఇంకా పలచన చేసేస్తుంది. మందు పట్టిందో లేదో చేత్తో నొక్కి చూస్తేనే తెలుస్తుంది: వేలు తీశాక గుంట అలాగే ఉందా, కండ గట్టిపడిందా? హైదరాబాద్ దాకా విమానంలో వెళ్లాల్సిన శరీరం విషయంలో ఇక్కడ పొరబడితే దిద్దుకునే అవకాశం ఉండదు. ఖర్చైనా, ఒక రోజు పోయినా, ఇష్టమైన పది గంటల్లో కొన్నయినా ల్యాబ్‌కే ఇవ్వాలి. ల్యాబ్ తేదీలు మన గడువు చూసి పెట్టరు కాబట్టి మొదటి ఏడాదే ముగించుకోవడం నయం.

మధ్యేమార్గం లైవ్ వెబినార్. ఓషా (పనిచోట భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఏటా అడిగే రక్తజన్య వ్యాధుల శిక్షణకు ఇది బాగా పనికొస్తుంది. రికార్డు చేసిన వీడియో చూపించి వదిలేస్తే ఆ శిక్షణ చెల్లదు. చెప్పేవారిని ప్రశ్న అడిగి జవాబు పొందే వీలుండాలి. ఫార్మాల్డిహైడ్ శిక్షణ కూడా ఏటా ఉండేదే. పనిచేసేచోట గాలిలో దానికి ఎనిమిది గంటల సగటు పరిమితి 0.75 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.75 వంతు), పదిహేను నిమిషాలకైతే 2 పీపీఎం. ఇవి యజమాని చేయించాల్సిన శిక్షణలు. వీటిని లైసెన్సు గంటల్లో కలిపేసుకునే ముందు ఆ కోర్సుకు లైసెన్సులిచ్చే టెక్సస్ ఫ్యూనరల్ సర్వీస్ కమిషన్ ఆమోదం ఉందో లేదో చూసుకోండి.

ఎక్కడ చేరినా పేరు లైసెన్సు మీద ఉన్నట్టే రాయండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక రాసే అలవాటు మనకుంది. చేసిన గంటలు ఖాతాలో పడక చిక్కొచ్చేది అక్కడే.