మారేడుమిల్లి కొండలకు ముందు మా సెంటర్లోని సైకిల్ షాపు

కోనసీమలో సైకిలు తొక్కేవారికి ఎత్తు అంటే ఏటిగట్టు, కాకపోతే గోదావరి మీది వంతెన. ఇక్కడి సైకిల్ షాపుల వారి పనితనమంతా చదును నేల మీద, ఉప్పుగాలిలో, వానాకాలపు బురదలో పెరిగినదే. గత నవంబరులో మేము ముగ్గురం రాజమహేంద్రవరానికి సుమారు 85 కిలోమీటర్ల దూరంలోని మారేడుమిల్లి చుట్టుపక్కల కొండదారుల్లో మూడు రోజులు తిరగాలని అనుకున్నప్పుడు, నా మౌంటెన్ బైకును అమలాపురం పక్కన మా ఊరి సెంటర్లో ఉన్న షాపులో ఇవ్వాలా, పెద్ద ఊరికి తీసుకెళ్లాలా అని కొంత తటపటాయించాను. చివరికి ఇక్కడే ఇచ్చాను.

షాపు యజమానే మేస్త్రి. ఆయన సైకిలును చూడకముందే, "గట్టు మీదకా, ఘాట్లోకా అండీ?" అని అడిగారు. ఘాట్ అని చెప్పగానే సైకిలును తిరగేసి, అన్నిటికంటే ముందు పెడళ్ల మధ్య ఇరుసును విప్పారు. అందులోంచి కాఫీ రంగు నీళ్లు కారాయి. జూలై నుంచి కాలువ గట్ల మీద తొక్కినప్పుడు చేరిన నీరు గ్రీజును కడిగేసి, ఉక్కు గోళీలను గరుకుగా తినేసింది. చదును రోడ్డు మీద కాళ్లకు అంతగా తెలియని ఆ రాపిడి, నిలబడి బలమంతా వేసి తొక్కాల్సిన చోట ఇరుసునే విరగ్గొట్టవచ్చునని ఆయన చెప్పారు. రెండు చక్రాల నడిమి హబ్బులు, హ్యాండిల్ కింది బేరింగులు కూడా విప్పి, కడిగి, కొత్త గోళీలు వేసి, చిక్కటి గ్రీజు నింపారు. సముద్రానికి దగ్గరలో ఉండి తుప్పుతో రోజూ తలపడే మనిషి మాత్రమే ఇంత ఓపికగా చేయగల పని ఇది. సర్వీసు పేరుతో పైపైన నూనె చుక్కలు వేసి పంపే షాపులను చూసినవాడిని కాబట్టి ఈ మాట నమ్మకంగా రాస్తున్నాను.

చైను అరుగుదలను కొలిచే గేజీ ఆయన దగ్గర లేదు. ఉక్కు స్కేలు పెట్టి చూపించారు: సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాల్సిన పిన్ను అంగుళంలో ఎనిమిదో వంతు ముందుకు జరిగి ఉంది. అంత సాగిన చైనును మార్చి పాత ఫ్రీవీల్‌నే (వెనుక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి) ఉంచితే, బలం పడినప్పుడు కొత్త చైను పళ్ల మీద నుంచి జారుతుంది గనుక రెండూ మార్చాల్సి వచ్చింది. ఎలాగూ మారుస్తున్నాము కదా అని, ఆ గుత్తిలోని పెద్ద పళ్ల చక్రం 28 పళ్లకు బదులు 34 పళ్లది వేయమన్నాను. పెడళ్ల దగ్గరి చిన్న పళ్ల చక్రానికి 24 పళ్లు కాబట్టి, ఒక పెడల్ చుట్టుకు సుమారు 1.9 మీటర్లు కదిలే బండి ఇప్పుడు 1.6 మీటర్ల లోపే కదులుతుంది. నడకతో సమానమైన వేగమే అయినా దిగి తోసుకోనక్కరలేకుండా ఎక్కగలిగాను. ఈ ఆలోచన ఆయనకు తట్టలేదు, నేనే అడగాల్సి వచ్చింది. అడిగాక మాత్రం రెండు రోజుల్లో తెప్పించారు.

నా స్నేహితుడి సైకిలుకు ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఉన్నాయి. వాటిని ముట్టుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. "ఏ ఆయిల్ పడుతుందో తెలీకుండా పోస్తే లోపల సీళ్లు పాడైపోతాయండి, నేను చేయను" అన్నారు. మినరల్ ఆయిల్ పోయవలసిన బ్రేకులో డాట్ ఫ్లూయిడ్ (కార్ల బ్రేకుల్లో పోసే ద్రవం) పోస్తే జరిగేది అదే. వచ్చిన బేరాన్ని ఇలా వదులుకున్నందుకు ఆయన మీద నా గౌరవం పెరిగింది.

లోపాలు కొండ మీద బయటపడ్డాయి. నావి కేబుల్ డిస్క్ బ్రేకులు. ప్యాడ్లు, కేబుళ్లు కొత్తవి వేశారు గానీ, కొత్త ప్యాడ్లు పట్టు సాధించాలంటే ముందుగా ఇరవై ముప్పై సార్లు వేగంలో నుంచి నెమ్మదిగా, చక్రం బిగుసుకుపోకుండా ఆపుతూ వాటిని డిస్కుకు అలవాటు చేయాలన్న సంగతి చెప్పలేదు. షాపు ముందు పది గజాలు తొక్కి చూడటమే అక్కడి పరీక్ష. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్ రోడ్డు తొలి వాలులో లివరు పూర్తిగా నొక్కినా బండి జారుతూనే ఉండటంతో ఆగి, మళ్లీ పైకి వచ్చి, ఆ అలవాటేదో అక్కడే చేయించుకున్నాను.

రెండోది గాలి. గట్టిగా గాలి ఉంటేనే సైకిలు తేలికగా పోతుందన్నది డెల్టా సూత్రం, తారు రోడ్డు మీద అది నిజమే. బొటనవేలితో నొక్కి చూసి ఆయన నింపిన గాలి, ఒత్తిడిని కొలిచే నా గేజీలో 58 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలమానం) చూపించింది. వాగు దాటిన తరువాతి రాళ్లదారిలో చక్రం నేలను పట్టుకోకుండా బంతిలా ఎగిరింది. నా బరువు 72 కిలోలు, టైరు 2.1 అంగుళాలు, 32కు దించాక దారి లొంగింది. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి కనుక అంతకు దిగలేదు.

విడిభాగాలతో కలిపి 3,650 రూపాయలైంది, అందులో మజూరీ 900. నాలుగు రోజులు పట్టింది. మధ్యాహ్నం భోజనానికి మూసేస్తారు, ఫోన్ ఎత్తరు. బేరింగులు, చైను, రిమ్ము బెండు తీయడం వంటి పనులకు నిశ్చింతగా ఇవ్వవచ్చు. గేర్ల ఎంపిక, బ్రేకుల అమరిక మీరు ముందే తెలుసుకుని వెళ్లండి, గాలి మాత్రం మీ గేజీతో మీరే చూసుకోండి.

తిరిగి వచ్చాక ఈ రెండు సంగతులూ చెప్పినప్పుడు ఆయన వాదించలేదు. గేజీ ధర ఎంతో అడిగి, బిల్లు పుస్తకం వెనుక అట్ట మీద రాసుకున్నారు.