రొయ్యల చెరువు అలారం మూగబోయినప్పుడు: కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ సమీక్ష

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది కనుక, అది లీటరుకు 4 మిల్లీగ్రాములకు దిగగానే ఏరియేటర్లు తిరగాలి. సెన్సార్ పాడై అంకె రాకపోయినా అలారం మోగాలి. అందుకే గట్టు మీది చిన్న పీసీలో నడిచే మా ప్రోగ్రాంలో షరతును "ఆక్సిజన్ 4 కంటె ఎక్కువ కాకపోతే" అని రాశాం. ఆప్టిమైజేషన్ (కోడ్ వేగం పెంచే మార్పులు) లేనంతవరకు సవ్యంగా పనిచేసిన ఈ షరతు, పరికరంతో వచ్చిన పాత కంపైలర్‌లో (మనం రాసిన కోడ్‌ను ప్రాసెసర్ సూచనలుగా మార్చే ప్రోగ్రాంలో) ఓ2 అనే ఆప్టిమైజేషన్ ఐచ్ఛికం పెట్టగానే సెన్సార్ తీగ పీకినా పలకలేదు. కారణం తేల్చడానికి మాకు అక్కరకొచ్చినది మ్యాట్ గాడ్‌బోల్ట్ 2012లో మొదలుపెట్టిన, బ్రౌజర్‌లో ఉచితంగా దొరికే కంపైలర్ ఎక్స్‌ప్లోరర్.

ఒక పక్క సోర్స్ (మనం రాసే కోడ్) రాస్తే, మరో పక్క అసెంబ్లీ, అంటే కంపైలర్ పుట్టించిన ప్రాసెసర్ సూచనల జాబితా, వెంటనే కనిపిస్తుంది. ఏ వరుసకు ఏ సూచనలు పుట్టాయో రంగులు చెబుతాయి. జీసీసీ, క్లాంగ్ అనే కంపైలర్ల అనేక వెర్షన్లను పక్కపక్కనే పెట్టి చూడవచ్చు. దీని అసలు విలువ ఇక్కడే ఉంది. సెన్సార్ నుంచి అంకె రానప్పుడు మా ప్రోగ్రాంలో దాని చోట ఉండేది "నాన్", అంటే "అంకె కాదు" అనే ప్రత్యేక విలువ. దశాంశ లెక్కల ప్రమాణమైన ఐఈఈఈ 754 ప్రకారం నాన్‌తో ఎక్కువ, తక్కువ, సమానం అనే ఏ పోలికైనా అసత్యమే కనుక, "ఎక్కువ కాదు" అన్నదీ "తక్కువ లేదా సమానం" అన్నదీ ఒకటి కావు. ఎక్స్86 ప్రాసెసర్‌లో రెండు అంకెలను పోల్చే కామిఎస్‌డీ సూచనకు నాన్ ఎదురైతే, పోలిక ఫలితాన్ని గుర్తుంచుకునే జీరో, ప్యారిటీ, క్యారీ ఫ్లాగులు మూడూ 1 అవుతాయి. ఆ తర్వాత జేబీఈ ("తక్కువ లేదా సమానమైతే దూకు") ఉంటే అలారం వైపు దూకుతుంది, పోల్చే అంకెల స్థానాలు మార్చి జేఏఈ ("ఎక్కువ లేదా సమానమైతే దూకు") వాడితే దూకదు. మా పీసీలో తీసిన అసెంబ్లీని ఎక్స్‌ప్లోరర్ చూపిన జాబితాతో పోల్చగానే, మా కంపైలర్ షరతును తిప్పి రాసిందని స్పష్టమైంది.

అయితే ప్రతి తేడానూ కంపైలర్ మీదికి నెట్టకూడదు. వేగం కోసం ఐఈఈఈ నియమాలను సడలించే ఫాస్ట్-మ్యాథ్ ఐచ్ఛికం ఇచ్చి ఉంటే ఈ మార్పుకు అనుమతి మనమే ఇచ్చినట్లు. మా బిల్డ్‌లో అది లేదని ముందే రూఢి చేసుకున్నాం. చివరి అంకెల్లో మాత్రమే తేడా వస్తే, గుణకారాన్ని, కూడికను ఒకే రౌండింగ్‌తో ముగించే ఎఫ్ఎంఏ సూచన గానీ, పాత ఎక్స్87 యూనిట్‌లోని 80 బిట్ల రిజిస్టర్లు గానీ కారణం కావచ్చు. అలా కలపడాన్ని అనుమతించే ఎఫ్‌పీ-కాంట్రాక్ట్ ఐచ్ఛికాన్ని ఆఫ్ చేసి మళ్లీ చూస్తే మొదటి అనుమానం తేలిపోతుంది.

లోపాలూ లేకపోలేదు. పరికరాల కంపెనీలు సొంతంగా మార్చుకున్న కంపైలర్లు సాధారణంగా ఇందులో దొరకవు. ఫోన్ తెర మీద అసెంబ్లీ చదవడం కష్టమే. తుఫాను రోజుల్లో నెట్ పోతే అక్కరకు రాదు. ఓపెన్ సోర్స్ కాబట్టి సొంత కంప్యూటర్‌లో పెట్టుకునే వీలుంది గానీ, ఆ ఏర్పాటు కొత్తవారికి తేలిక కాదు. పంచుకునే పొట్టి లింకు తీస్తే కోడ్ వారి సర్వర్‌లో నిలిచిపోతుంది కనుక ఖాతాదారుల కోడ్ అతికించకుండా, తప్పు చూపే అతి చిన్న ఫంక్షన్ వరకే ఉంచాలి. కంపైలర్ ఇచ్చినవారికి పంపవలసిందీ ఆ ఫంక్షనే; దానితోపాటు వాడిన ఐచ్ఛికాలు, రెండు అసెంబ్లీలు జత చేస్తే వారికి వాదించే సందు మిగలదు.