పొటాషియం తగ్గించే పొడి: నెఫ్రాలజీ వార్డు అనుభవంతో ఒక సమీక్ష

రక్తంలో పొటాషియం పెరిగిన రోగులకు తాగించే క్యాల్షియం పాలీస్టైరీన్ సల్ఫోనేట్ పొడిని నేను విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రి నెఫ్రాలజీ (కిడ్నీ జబ్బుల) వార్డులో స్టాఫ్ నర్సుగా ఎన్నో ఏళ్లుగా స్వయంగా కలిపి ఇస్తున్నాను. 15 గ్రాముల సాచెట్లలో వచ్చే ఈ మందును చూడగానే రోగి బంధువులు దాదాపు అందరూ అడిగేది, ఇది తాగితే డయాలసిస్ తప్పుతుందా అని. కొందరికి తప్పుతుంది, కొందరికి తప్పదు. ఆ తేడా తెలియకుండా ఈ పొడి మీద ఆశలన్నీ పెట్టుకోవడం ప్రమాదకరం కాబట్టే ఈ సమీక్ష రాస్తున్నాను.

పొటాషియం సాధారణంగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. అది 6.5 దాటినప్పుడు గానీ, గుండెకు ముప్పు ఉందని చెబుతూ ఈసీజీ గ్రాఫులో టీ తరంగాలనే అలలు కోసుగా పైకి లేచినప్పుడు గానీ మా చేయి మొదట వెళ్లేది ఈ సాచెట్ మీదికి కాదు, క్యాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ మీదికి. మానిటర్ చూస్తూ నెమ్మదిగా నరంలోకి ఎక్కించే ఆ మందు పొటాషియాన్ని కొంచెం కూడా తగ్గించదు. గుండెను కాపాడుతుంది, అదీ అరగంట నుంచి గంట వరకే. ఆ వ్యవధిలోనే గ్లూకోజ్‌తో కలిపి ఇన్సులిన్, దానికి తోడుగా సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ (మాస్కుతో పీల్పించే మందు) ఇచ్చి పొటాషియాన్ని రక్తంలోంచి కణాల లోపలికి నెడతారు. ఇన్సులిన్ ఇచ్చాక ఆరు గంటల దాకా గంటగంటకూ షుగర్ చూడాలి. పొటాషియం దిగిందన్న ధీమాలో షుగర్ పడిపోవడాన్ని గమనించకపోతే రోగికి మరో గండం తెచ్చిపెట్టినవాళ్లం అవుతాం. ఇంతా చేసి కణాల్లోకి నెట్టిన పొటాషియం కొన్ని గంటల్లో మళ్లీ రక్తంలోకి వస్తుంది. అది ఒంట్లోంచి బయటికి పోవడానికి ఉన్న దారులు మూత్రం, మలం, డయాలసిస్. ఈ పొడి పనిచేసేది మలం దారిలో: పేగుల్లో తన దగ్గరున్న క్యాల్షియాన్ని వదిలి పొటాషియాన్ని పట్టుకుంటుంది. దానికి గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పడుతుంది. కనుక అత్యవసర స్థితిలో దీన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

తాగడానికి ఎలా ఉంటుందో చెప్పాలి. రుచీ వాసనా పెద్దగా లేవు గానీ ఎంత కలిపినా నీళ్లలో కరగదు. ఉద్దానం నుంచి వచ్చిన ఒక పెద్దాయన మొదటి గుక్క మింగి, "ఇసక తాగినట్టుంది తల్లీ" అని గ్లాసు పక్కన పెట్టేశారు. చూస్తే సగం పొడి గ్లాసు అడుగున లేత పసుపు మడ్డిలా పేరుకుని ఉంది. కాసిని నీళ్లు పోసి, గ్లాసు తిప్పి, మడ్డి లేచిన మరుక్షణం తాగించాను. ఈ పని చేయకపోతే రాసిన మోతాదులో సగమే లోపలికి వెళ్తుంది. చేరిన రోజు 6.1 ఉన్న ఆయన పొటాషియం, ఈసీజీ బాగానే ఉండటంతో డయాలసిస్ లేకుండానే మూడో రోజు ఉదయానికి 5.2కి దిగింది. అయితే ఆ ఘనతంతా పొడిది కాదు. బీపీ కోసం వాడుతున్న, పొటాషియాన్ని పెంచే స్పైరోనోలాక్టోన్ మాత్రను డాక్టరుగారు ఆపించారు, చూడవచ్చిన బంధువులు ప్రేమగా తెచ్చిన కొబ్బరిబొండాలను నేను వెనక్కి పంపించాను. ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో నాలుగైదు వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కొబ్బరితోటల మధ్య పుట్టిపెరిగిన మనిషికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

లోపాల్లో మొదటిది మలబద్ధకం. మలం కదలకపోతే పట్టుకున్న పొటాషియం లోపలే ఉండిపోతుంది, పేగులకూ హాని. అందుకే పేగు అడ్డుపడినవారికీ, ఆపరేషన్ తర్వాత పేగుల కదలిక ఇంకా మొదలవనివారికీ దీన్ని ఇవ్వరు. పడుకోబెట్టి తాగిస్తే పొడి ఊపిరితిత్తుల్లోకి పోగలదు, కాబట్టి కూర్చోబెట్టే పట్టాలి. వేడిపాలలో, టీలో కలపకూడదు. పండ్లరసంలో కలిపితే ఒక చేత్తో పొటాషియం తీస్తూ మరో చేత్తో పోసినట్టే. ఇతర మందులను కూడా ఇది పట్టుకుంటుంది గనుక వాటికీ దీనికీ మూడు గంటల ఎడం ఉండాలి.

అమెరికాలో 1958 నుంచీ వాడుకలో ఉన్న సోడియం పాలీస్టైరీన్ సల్ఫోనేట్‌తో పోలిస్తే, ఒళ్లు వాచిన రోగులకు నాకు ఇదే మేలనిపిస్తుంది. సోడియం భారం ఉండదు. రక్తంలో క్యాల్షియం ఎక్కువగా ఉన్నవారికి మాత్రం పనికిరాదు. అక్కడే 2018లో అనుమతి పొందిన సోడియం జిర్కోనియం సైక్లోసిలికేట్ గంటలోనే పని మొదలుపెడుతుంది, తాగడమూ తేలిక. కానీ 10 గ్రాముల మోతాదులో దాదాపు 800 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, ధర కూడా బాగా ఎక్కువ. నెలల తరబడి వాడాల్సిన పేద కుటుంబానికి క్యాల్షియం పొడి చాలినంత మంచి మందే అని నా అభిప్రాయం.

నాకు నిజంగా బాధ కలిగించేది సాచెట్ మీది రాత. మా దగ్గరికి వచ్చే సాచెట్ల మీద సూచనలన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి. డిశ్చార్జి రోజున ఆ పెద్దాయన కోడలి చేతికి మందుల పెట్టె ఇచ్చేముందు దాని మీద పెన్నుతో రాశాను: "చల్లటి నీళ్లలోనే కలపాలి. మడ్డి మిగలకుండా తాగించాలి. వేరే మాత్రలకు మూడు గంటల ఎడం. విరేచనం కాకపోతే వెంటనే ఫోన్ చేయాలి." ఆ అమ్మాయి ఒకసారి పైకి చదివి, కిందనే రక్తపరీక్ష తేదీ కూడా రాయించుకుంది.